గాలపాగస్ తాబేళ్ళ వంశవృక్షము

తాబేలును ఎరుగని తెలుగువాడు ఉండడు. కుందేటితో పందెము వేసి గెలిచిన తాబేటి కథను పిల్లలు బడికి పోకముందే వింటారు. మందర పర్వతమును వీపున మోసిన ఆదికూర్మము కథను పెద్దలు పురాణములో వింటారు. శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మ క్షేత్రమునకు పోయినవారు ఆలయ ప్రాంగణములో నక్షత్ర తాబేళ్ళను కన్నులారా చూచియే ఉందురు. ఆ తాబేళ్ళు చిన్నవి. పిల్లవాడైనను చేతులతో ఎత్తగలడు. నలుగురు మనుష్యులు కలిసి పట్టినను లేవనెత్తుట కష్టమైన తాబేళ్ళు కూడ భూమిమీద కలవు. వాటిలో పెద్ద మగవి 250 కిలోగ్రాములకు పైగా తూగును. నూరేండ్లు దాటి బ్రతుకును. దక్షిణ అమెరికాకు పడమట, ఎక్వడార్ దేశపు తీరమునకు సుమారు 1000 కిలోమీటర్ల దూరమున, భూమధ్యరేఖపై పసిఫిక్ మహాసముద్రములో ఉన్న గాలపాగస్ దీవులు వాటి నివాసము.

ఈ తాబేళ్ళ చరిత్ర రెండు చోట్ల వ్రాయబడి ఉన్నది. ఓడల దినచర్య పుస్తకములలో, యాత్రికుల గ్రంథములలో మనుష్యులు వ్రాసినది ఒకటి. వాటి రక్తములో, ఎముకలలో ప్రకృతి వ్రాసినది రెండవది. మొదటిది చాలవరకు వినాశ చరిత్ర. రెండవదానిని చదువు విద్య ఇటీవలి కాలములోనే శాస్త్రజ్ఞులకు పట్టుబడినది. అది పట్టుబడిన తరువాత, అంతరించినవని లెక్కలోనుండి తీసివేసిన తాబేళ్ళ సంతతి మరియొక దీవిలో సజీవముగా బయటపడినది.

దీవులు, డిప్పలు

1535లో పనామా బిషప్పు టామస్ దె బెర్లాంగా ఓడలో పెరూ దేశమునకు పోవుచుండగా గాలి నిలిచిపోయినది. సముద్ర ప్రవాహము ఓడను పడమటికి ఈడ్చుకొనిపోయి ఈ దీవుల వద్దకు చేర్చినది. మనిషిని వీపుమీద మోయగల తాబేళ్ళు అచ్చట ఉన్నవని ఆయన స్పెయిన్ చక్రవర్తికి వ్రాసిన జాబులో పేర్కొన్నాడు. తరువాత పటములు గీచినవారు వీటికి తాబేళ్ళ దీవులని పేరు పెట్టినారు. ‘గాలపాగో’ అను పాత స్పానిష్ మాటకు తాబేలని అర్థము.

ఈ దీవులు ఏనాడును ఖండముతో కలిసి ఉన్నవి కావు. సముద్రగర్భమునుండి అగ్నిపర్వతములు వెడలగ్రక్కిన లావా గడ్డకట్టి ఇవి ఏర్పడినవి. తూర్పున ఉన్న శాన్ క్రిస్తోబల్, ఎస్పన్యోలా దీవులు పాతవి. పడమట ఉన్న ఇసబెలా, ఫెర్నాండినా దీవులు కొత్తవి. నడక తప్ప వేరు గతి లేని తాబేలు వేయి కిలోమీటర్ల సముద్రమును ఎట్లు దాటినది? దానికి ఈత రాదు గాని మునిగిపోదు. డిప్పతో నీటిపై తేలుచుండును. తిండి, నీరు లేకుండ నెలల తరబడి బ్రతుకును. ఖండమునుండి పడమటికి పారు ప్రవాహము అటువంటి ప్రాణిని ఎప్పుడో ఒకప్పుడు ఈ దీవులకు చేర్చుట అసంభవము కాదు. ఎన్నో లక్షల సంవత్సరములలో ఒక్కసారి జరిగినను చాలును.

దీవికి చేరిన తరువాత వాటి సంతతి ఒక్క తీరుగా ఉండలేదు. ఎత్తైన కొండలు, మబ్బులు, పచ్చిక ఉన్న దీవులలోని తాబేటి డిప్ప గోపురము వలె గుండ్రముగా ఉండును, మెడ పొట్టిది. వానలు చాలని, నేల మట్టపు దీవులలోని తాబేటి డిప్ప ముందువైపున గుఱ్ఱపు జీను వలె పైకి ఎత్తుకొని ఉండును. మెడ, కాళ్ళు పొడుగు. ఇట్టి తాబేలు తల పైకెత్తి బ్రహ్మజెముడు జాతి మొక్కల ఎత్తైన కొమ్మలను అందుకొనగలదు. ఇసబెలా ఒక్క దీవిలోనే ఐదు అగ్నిపర్వతములపై వేరువేరు తాబేటి తెగలు కలవు. మధ్యనున్న లావా బీడులు వాటికి సముద్రముతో సమానము.

ఓడవారి ఆకలి

మెల్లగా నడచుట, ఎదురు తిరుగకుండుట, అన్నము నీళ్ళు లేకుండ బ్రతుకుట: ఈ మూడు గుణములే తాబేళ్ళ పాలిట శాపములైనవి. పదునేడవ శతాబ్దమునుండి సముద్రపు దొంగలు, తరువాత తిమింగలముల వేటగాండ్రు ఈ దీవులలో ఓడలు ఆపి తాబేళ్ళను పట్టుకొనిపోయిరి. మంచుపెట్టెలు లేని ఆ కాలములో నెలల తరబడి తాజా మాంసము దొరకు ఉపాయము నావికులకు మరియొకటి లేకుండెను. తాబేళ్ళను ఓడ అడుగుభాగములో పేర్చి ఉంచినచో ఏడాది గడచినను కొన్ని బ్రతికియే ఉండెడివి.

1925లో చార్లెస్ టౌన్సెండ్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు తిమింగలపు ఓడల దినచర్య పుస్తకములను వెదకి లెక్క తీసినాడు. 1831 మొదలు 1868 వరకు 79 ఓడలు మాత్రమే పదమూడు వేలకు పైగా తాబేళ్ళను కొనిపోయినట్లు తేలినది. తిరిగిన ఓడలు వందలు. పుస్తకములు దొరికినవి కొన్నియే. మొత్తము మీద లక్షనుండి రెండు లక్షల వరకు తాబేళ్ళు ఇట్లు నశించినవని అంచనా. ఇందులో మరియొక అనర్థము కలదు. ఆడ తాబేళ్ళు చిన్నవి. గ్రుడ్లు పెట్టుటకు తీరపు మైదానములకు దిగివచ్చును. మోయుటకు తేలిక, దొరకుట తేలిక. అందుచేత నావికులు ఎక్కువగా ఆడవాటినే పట్టిరి. వంశము నిలుచుటకు ఏవి ముఖ్యమో అవియే ముందు పోయినవి.

1813లో అమెరికా యుద్ధనౌక ‘ఎసెక్స్’ నాయకుడు డేవిడ్ పోర్టర్ ఈ దీవులలో బ్రిటిష్ తిమింగలపు ఓడలను పట్టుకొన్నాడు. పోరాటమునకు చోటు చేసుకొనుటకు ఆ ఓడలవారు తాబేళ్ళను సముద్రములోనికి విసరివేసిరి. కొన్ని దినముల తరువాత కూడ అవి నీటిపై తేలుచు సజీవముగా కనిపించినవి. సుమారు 50 తాబేళ్ళను పోర్టర్ మనుష్యులు తిరిగి ఏరుకొనిరి. దీవి దీవికి తాబేటి ఆకారము మారుచున్నదని పోర్టర్ తన గ్రంథములో వ్రాసినాడు. విసరివేసిన తాబేళ్ళ సంగతి రెండు వందల సంవత్సరముల తరువాత ఎంత ప్రయోజనకరమగునో అప్పుడు ఎవరికిని తెలియదు.

డార్విన్ జారవిడిచిన సాక్ష్యము

1835 సెప్టెంబరులో ‘బీగిల్’ ఓడపై చార్లెస్ డార్విన్ ఇచ్చటికి వచ్చినాడు. అతనికి అప్పుడు 26 ఏండ్లు. ఐదు వారములు దీవులలో తిరిగినాడు. తాబేళ్ళ వీపునెక్కి స్వారి చేయ ప్రయత్నించినాడు. వాటి నడక వేగమును కొలిచినాడు. ఫ్లోరియానా దీవిలో ఉప గవర్నరుగా ఉన్న నికొలస్ లాసన్, తాబేలును చూచి అది ఏ దీవిదో తాను చెప్పగలనని డార్విన్‌తో అన్నాడు. ఆ మాట లోతు ఆ క్షణమున డార్విన్‌కు తట్టలేదు. పక్కపక్కనే ఉన్న దీవులలో వేరువేరు ప్రాణులు ఉండునని తాను ఊహించలేదని, లాసన్ మాటపై కొంతకాలము వరకు తగినంత శ్రద్ధ పెట్టలేదని తరువాత తన గ్రంథములో ఒప్పుకొన్నాడు.

బీగిల్ ఓడవారు ఆహారము నిమిత్తము శాన్ క్రిస్తోబల్ నుండి 30 పెద్ద తాబేళ్ళను ఎక్కించుకొనిరి. దారిలో వాటిని తిని డిప్పలను సముద్రములో పారవేసిరి. జీవపరిణామ సిద్ధాంతమునకు పనికివచ్చు ఉత్తమ సాక్ష్యములలో ఒకటి ఆ విధముగా భోజనపు బల్లమీదనుండి నీటిలోనికి పోయినది. అయినను లాసన్ మాట వృథా కాలేదు. ఇంగ్లండు చేరిన తరువాత పక్షుల నమూనాలతో పాటు ఆ మాట కూడ డార్విన్ ఆలోచనలను కదిలించినది. ఒకే పూర్వికుని సంతతి వేరువేరు దీవులలో చిక్కుకొని క్రమక్రమముగా వేరు రూపములు దాల్చినదని అతడు నిర్ణయించుకొనుటకు తోడ్పడినది.

లాసన్ ఉన్న ఫ్లోరియానాలో అప్పటికే తాబేళ్ళకు చెడ్డ దినములు వచ్చినవి. 1820లో ఒక తిమింగలపు ఓడ నావికుడు వేడుకకై పెట్టిన నిప్పు ఆ దీవిని చాల భాగము కాల్చివేసినది. 1832లో ఎక్వడార్ ప్రభుత్వము అచ్చట వలస ఏర్పరచినది. వలసవారికి ముఖ్యాహారము తాబేటి మాంసము. డార్విన్ వచ్చిపోయిన పదునైదు ఇరువది ఏండ్లలో, అనగా 1850 ప్రాంతమున, ఫ్లోరియానా తాబేలు పూర్తిగా అదృశ్యమైనది.

నమూనాల సేకరణ

పందొమ్మిదవ శతాబ్దము ముగియుసరికి ఈ జంతువులు ఇక నిలువవని శాస్త్రజ్ఞులు నిశ్చయించుకొనిరి. నిలువనివాటిని కనీసము వస్తుప్రదర్శనశాలలలోనైనను భద్రపరచవలెనని ఆనాటి వారి ఆలోచన. 1905లో కాలిఫోర్నియా సైన్సు అకాడమీవారు ఒక తెరచాప ఓడలో పరిశోధకులను పంపినారు. వారు దీవులన్నియు తిరిగి 260కి పైగా తాబేళ్ళ నమూనాలను సేకరించిరి. పింటా దీవిలో మూడు మగ తాబేళ్ళు, ఫెర్నాండినా దీవిలో ఒక్క మగ తాబేలు మాత్రమే దొరికినవి. వాటిని కూడ చంపి తీసికొనిపోయిరి. ఈ బృందము దీవులలో ఉండగనే 1906 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున భూకంపము, అగ్నిప్రమాదము సంభవించి అకాడమీ భవనము నాశనమైనది. నవంబరులో తిరిగివచ్చిన ఓడలోని నమూనాలే కొత్త సేకరణకు పునాది అయినవి.

చివరి తాబేళ్ళను చంపి దాచుట నేడు క్రూరముగా కనిపించును. అయినను ఆ ఎముకలే లేకున్నచో తరువాతి కథ లేదు. వాటిని దాచినవారికి వాటిలో ఏమి దాగియున్నదో తెలియదు.

మేకలు, పదునాలుగు తాబేళ్ళు

1959లో ఎక్వడార్ ప్రభుత్వము ఈ దీవులను జాతీయ ఉద్యానవనముగా ప్రకటించినది. అదే సంవత్సరమున చార్లెస్ డార్విన్ ఫౌండేషన్ ఏర్పడినది. ఆ సంవత్సరముననే జాలరులు మాంసమునకు పనికివచ్చునని పింటా దీవిలో మూడు మేకలను వదలినారు. పులి లేదు, తోడేలు లేదు. మేకలు విచ్చలవిడిగా పెరిగినవి. 1970 తరువాత రెండు మూడు ఏండ్లలో వాటి సంఖ్య సుమారు 40,000 అని అంచనా. దీవిలోని పచ్చదనమంతయు వాటి పాలైనది.

ఎస్పన్యోలా దీవిలో మేకలు అంతకు ముందే ఆ పని చేసియుండెను. అచ్చట తాబేళ్ళు ఎన్ని మిగిలినవో వెదకినపుడు పన్నెండు ఆడవి, రెండు మగవి మాత్రమే దొరికినవి. దీవి పెద్దది, తాబేళ్ళు కొన్ని. ఆడది మగదానిని కలిసికొను అవకాశమే లేకుండెను. 1963 మొదలు 1974 లోపల ఆ పదునాలుగింటిని శాంతా క్రూజ్ దీవిలోని పరిశోధన కేంద్రమునకు తెచ్చినారు. అమెరికాలోని శాన్ డియేగో జంతుప్రదర్శనశాలలో ఇదే తెగకు చెందిన మగ తాబేలు ఒకటి ఉన్నట్లు తెలిసి దానిని కూడ రప్పించినారు. దానికి డియేగో అని పేరు పెట్టినారు.

గ్రుడ్లను పొదిగించు పెట్టెలలో ఉంచి పిల్లలను పెంచినారు. తాబేటి పిల్ల ఆడది అగునా మగది అగునా అనునది గ్రుడ్డు ఉన్న వేడిమిని బట్టి నిర్ణయమగును. సుమారు 28 డిగ్రీల వద్ద మగవి, 29.5 డిగ్రీల వద్ద ఆడవి ఎక్కువగా పుట్టును. ఈ రహస్యము తెలిసిన పిమ్మట ఆడ పిల్లలను ఎక్కువగా పుట్టించుట సాధ్యమైనది. నాలుగైదు ఏండ్లు పెంచి, ఎలుకలకు లొంగనంత డిప్ప గట్టిపడిన తరువాత, పిల్లలను స్వంత దీవికి పంపినారు. 1975లో మొదటి జట్టు వెళ్ళినది. 2020 నాటికి ఆ దీవిలో రెండు వేలకు పైగా తాబేళ్ళు తిరుగుచుండెను. ఆ సంవత్సరము జూన్‌లో, జీవించియున్న పదునైదు పెద్ద తాబేళ్ళను కూడ ఎస్పన్యోలాకు చేర్చి, ఆ సంతానోత్పత్తి కార్యక్రమమును ముగించినారు.

ఇది విజయమే. అయితే రెండు వేల తాబేళ్ళకు తండ్రులు ముగ్గురే. ఆ ముగ్గురి వంతు ఎంతెంత? కంటితో చూచి చెప్పుట ఎవరి తరము కాదు. జన్యు పరీక్షలు చేయగా పిల్లలలో నూటికి సుమారు 60 ఒక మగదాని సంతతి, సుమారు 40 డియేగో సంతతి అని, మూడవదాని వంతు అత్యల్పమని తేలినది. పత్రికలు డియేగోను కీర్తించినవి గాని ఎక్కువ పిల్లలు పేరులేని మరియొక తాబేటివి. 2007లో ఇంకొక విశేషము బయటపడినది. ఎస్పన్యోలాలోని ఒక తాబేటికి పింజాన్ దీవి తాబేటి రక్తసంబంధము కలదు. రూపముచూచి ఎవరును అనుమానించలేదు. రక్తపరీక్ష లేకున్నచో ఈ కలయిక తరతరములకు పాకి ఉండెడిది.

వంశము చదువు విద్య

ఈ పరీక్షలు ఎట్లు చేయుదురు? తాళపత్ర గ్రంథముల ఉదాహరణ తీసికొన్నచో ఇది సులభముగా బోధపడును. పూర్వము ఒక గ్రంథమునకు లేఖకులు ప్రతి వ్రాయునపుడు అచ్చటచ్చట తప్పులు దొర్లెడివి. ఆ ప్రతికి మరియొకడు ప్రతి వ్రాసినచో పాత తప్పు అట్లే ఉండి కొత్త తప్పు చేరెడిది. గ్రంథ పరిష్కర్తలు పెక్కు ప్రతులను పక్కపక్కన పెట్టి, ఒకే తప్పు ఉన్నవి ఒకే మాతృకనుండి పుట్టినవని గుర్తింతురు. జీవకణములోని డి.ఎన్.ఏ. కూడ అటువంటి గ్రంథమే. తరము తరమునకు దానికి ప్రతులు తయారగుచుండును. అరుదుగా ఒక అక్షరము మారుచుండును. ఏ రెండు తెగలలో సమానమైన మార్పులు ఎక్కువగా ఉండునో అవి దగ్గరి జ్ఞాతులు. మార్పులు ఎంత నెమ్మదిగా చేరుచుండునో తెలిసినచో, అవి ఎప్పుడు విడిపోయినవో కూడ లెక్కించవచ్చును.

ఈ గ్రంథము రెండు భాగములు. కణకేంద్రములోని డి.ఎన్.ఏ. తల్లినుండి సగము, తండ్రినుండి సగము వచ్చును. కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలలో ఉన్న కొద్దిపాటి డి.ఎన్.ఏ. తల్లినుండి మాత్రమే సంక్రమించును. మనలో ఇంటిపేరు తండ్రి వైపునుండి వచ్చినట్లు, ఇది తల్లి వైపు ఇంటిపేరు వంటిది. రెండు భాగములును ఒకే కథ చెప్పినచో ఆ ప్రాణి స్వచ్ఛమైన తెగకు చెందినది. తల్లి ఇంటిపేరు ఒక దీవిని, కేంద్రపు డి.ఎన్.ఏ.లోని సగము మరియొక దీవిని చూపినచో అది సంకరము.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున జిసెల్లా కక్కోనె, జెఫ్రీ పవెల్ మొదలగువారు ఈ పద్ధతిని గాలపాగస్ తాబేళ్ళకు వర్తింపజేసి 1999లో ఫలితములు ప్రకటించిరి. ఈ మహాకాయములకు ఖండములో దగ్గరి బంధువు అర్జెంటీనా ప్రాంతములో నివసించు చిన్న చాకో తాబేలు అని తేలినది. పాత దీవులలో పాత శాఖలు, కొత్త దీవులలో కొత్త శాఖలు ఉన్నవి. దీవులు పుట్టిన క్రమముననే తాబేళ్ళు తూర్పునుండి పడమటికి వ్యాపించినవన్నమాట.

ఒంటరి జార్జి

ఆ ఫలితములలో అందరిని ఆశ్చర్యపరచినది ఒక తాబేటి వంశము. 1906 తరువాత పింటా దీవి తాబేళ్ళు లేవనియే అనుకొనిరి. 1971 నవంబరులో నత్తలను పరిశీలించుటకు పోయిన హంగేరీ దేశస్థుడైన శాస్త్రజ్ఞునికి అచ్చట ఒక మగ తాబేలు కనిపించినది. మరుసటి సంవత్సరము దానిని పరిశోధన కేంద్రమునకు తెచ్చినారు. దీవియంతయు గాలించినను దానికి జత దొరకలేదు. దానికి ‘ఒంటరి జార్జి’ అని పేరు వచ్చినది. ఒక తెగలో మిగిలిన ఒకే ఒక ప్రాణిగా అది లోకప్రసిద్ధమైనది.

పింటాకు దగ్గరలోనిది ఇసబెలా ఉత్తర భాగమున ఉన్న వూల్ఫ్ అగ్నిపర్వతము. దగ్గరి దీవివారు దగ్గరి చుట్టములై యుందురని ఊహించి, అచ్చటి ఆడ తాబేళ్ళను 1990 దశకములో జార్జితో ఉంచినారు. ఏండ్లు గడచినవి, సంతానము లేదు. డి.ఎన్.ఏ. వేరు కథ చెప్పినది. జార్జికి దగ్గరి జ్ఞాతులు ఇసబెలాలో లేవు; సుమారు 300 కిలోమీటర్ల దూరమున, దీవుల సమూహపు ఆగ్నేయపు కొసన ఉన్న ఎస్పన్యోలాలోను, శాన్ క్రిస్తోబల్‌లోను ఉన్నవి. పటము చూచినచో ఇది వింత. సముద్రమును చూచినచో వింత కాదు. శాన్ క్రిస్తోబల్ వద్దనుండి వాయవ్యముగా పింటా వైపునకు బలమైన ప్రవాహము పారుచుండును. తేలు తాబేటికి దూరము ముఖ్యము కాదు, ప్రవాహపు దారి ముఖ్యము.

2008లో వూల్ఫ్ ఆడవి పెట్టిన గ్రుడ్లు పొదగలేదు. 2011లో ఎస్పన్యోలా ఆడ తాబేళ్ళను జార్జి వద్దకు చేర్చినారు. అప్పటికి ఆలస్యమైనది. 2012 జూన్ 24న, దానిని నలుబది ఏండ్లు సాకిన వనరక్షకుడు ఫౌస్తో యెరేనా ఉదయమున వెళ్ళి చూచుసరికి జార్జి చనిపోయి ఉన్నది. పింటా తెగలో స్వచ్ఛమైన చివరి ప్రాణి అదియే.

అంతరించినవాటి సంతతి

ఈ లోపల వూల్ఫ్ అగ్నిపర్వతముపై తాబేళ్ళు శాస్త్రజ్ఞులకు ఒక చిక్కుముడి వేసినవి. ఒకే కొండమీద గోపురపు డిప్పలవి, జీను డిప్పలవి కలిసి తిరుగుచుండెను. కొన్నింటి డి.ఎన్.ఏ. ఎచ్చటి తాబేళ్ళతోను సరిపోలలేదు. అప్పుడు వస్తుప్రదర్శనశాలలలోని పాత ఎముకలు పనికివచ్చినవి. ఫ్లోరియానా తాబేళ్ళ ఎముకలనుండి డి.ఎన్.ఏ. తీసి పోల్చగా, అంతు తెలియని ఆ వంశము ఫ్లోరియానాదని 2008లో వెల్లడియైనది. నూటయేబది ఏండ్ల క్రిందట అంతరించిన తెగ ఆనవాలు సజీవముగా కనిపించినది.

ఆ సంవత్సరము డిసెంబరులో పెద్ద బృందము కొండయెక్కి 1600కు పైగా తాబేళ్ళ రక్తపు నమూనాలను తీసినది. 2012లో ఫలితములు వచ్చినవి. 84 తాబేళ్ళకు తల్లియో తండ్రియో స్వచ్ఛమైన ఫ్లోరియానా తాబేలు. వాటిలో 30 తాబేళ్ళకు పదునైదు ఏండ్లైనను నిండలేదు. అనగా ఆ స్వచ్ఛమైన తల్లిదండ్రులలో కొన్నియైనను ఇంకను బ్రతికియుండవచ్చును. మరి 17 తాబేళ్ళలో పింటా వంశపు రక్తము ఉన్నట్లు తేలినది.

ఫ్లోరియానా తాబేళ్ళు వూల్ఫ్ కొండకు ఎట్లు వచ్చినవి? ఆ కొండ దాపుననే తిమింగలపు ఓడలు ఆగు బ్యాంక్స్ అఖాతము కలదు. తిరుగు ప్రయాణమున బరువు తగ్గించుకొనుటకో, యుద్ధ సమయములందో, నావికులు విసరివేసిన తాబేళ్ళు తేలుచు ఒడ్డుకు చేరియుండవలెనని శాస్త్రజ్ఞుల ఊహ. పోర్టర్ వ్రాసిన సంగతి ఈ ఊహకు బలమిచ్చుచున్నది. తాబేళ్ళను నాశనము చేసిన ఓడలే తెలియక కొన్నింటిని రక్షించినవి.

2015లో వూల్ఫ్ కొండనుండి 32 తాబేళ్ళను హెలికాప్టరులోను ఓడలోను శాంతా క్రూజ్‌కు తెచ్చినారు. వాటిలో ఫ్లోరియానా రక్తము ఎక్కువగా ఉన్నవాటిని ఎంచి 2017లో సంతానోత్పత్తి ప్రారంభించినారు. ఏ మగదానిని ఏ ఆడవాటితో ఉంచవలెనో జన్యు పరీక్షయే నిర్ణయించును. దగ్గరి రక్తసంబంధము ఉన్నవాటిని జతపరచరు. మేనరికములు తరతరములు సాగిన కుటుంబములలో దాగియున్న లోపములు పైకి వచ్చునట్లే, చిన్న మందలలోను వచ్చును. ఈ సంతతికి ఇల్లు సిద్ధపరచుటకై 2023లో ఫ్లోరియానా దీవిలో ఎలుకలను, అడవి పిల్లులను నిర్మూలించు పని మొదలైనది.

కన్ను చెప్పినది, రక్తము చెప్పినది

ఇట్టి పరీక్షలు చాల పాత నమ్మకములను తారుమారు చేసినవి. శాంతా క్రూజ్ దీవిలో తాబేళ్ళన్నియు ఒకే జాతి అని నూరేండ్లకు పైగా అనుకొనిరి. తూర్పు వాలున ఉన్న కొద్దిపాటి మంద వేరు జాతి అని, పడమటివాటి కంటె శాన్ క్రిస్తోబల్ తాబేళ్ళకే దగ్గర అని 2015లో తేలినది. ఆ జాతికి జార్జిని సాకిన ఫౌస్తో పేరు పెట్టినారు. రెండు వేలకు పైగా ఉన్న పడమటి మందలో వీటిని కలిపి లెక్కించినంతకాలము ఇవి ప్రమాదములో ఉన్న సంగతి ఎవరికిని పట్టలేదు. తూర్పున ఉన్నవి సుమారు 250 మాత్రమే.

2019 ఫిబ్రవరిలో ఫెర్నాండినా దీవిలో ఒక ముసలి ఆడ తాబేలు దొరికినది. 1906లో చంపిన మగదాని తరువాత అచ్చట తాబేలును పట్టి చూపినవారు లేరు. ఈ ఆడదాని డిప్ప నున్నగా ఉన్నది. 1906 నాటి దాని డిప్ప జీను ఆకారము. రెండును ఒకే తెగ కాదేమో అని చాలమంది అనుమానించిరి. 2022లో రెండింటి జన్యు సమాచారమును మొత్తముగా చదివి పోల్చగా అవి ఒకే తెగకు చెందినవని రుజువైనది. ‘ఫెర్నాండా’ అను ఆ తాబేటికి జత కొరకు ఆ అగ్నిపర్వతమును గాలించినారు.

జన్యుశాస్త్రము అన్ని తగవులను తీర్చినదని కాదు. ఈ తాబేళ్ళు వేరువేరు జాతులా, ఒకే జాతిలోని ఉపజాతులా అను వాదము సాగుచునే ఉన్నది. సంకరములను ఏమి చేయవలెనను ప్రశ్న అంతకంటె కష్టమైనది. పింటాలో మేకలను పూర్తిగా తొలగించిన తరువాత, దీవిలో పొదలను తొక్కి దారులు చేయుటకు, గింజలు చల్లుటకు తాబేళ్ళు కావలసివచ్చినవి. 2010లో 39 సంకర తాబేళ్ళను, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసి, అచ్చట వదలినారు. అసలు తెగ ఎన్నడైనను దొరికినచో దాని చోటు దానికే ఉండవలెనని ఈ జాగ్రత్త. రక్తపు స్వచ్ఛత ముఖ్యమా, దీవికి తాబేలు ఉండుట ముఖ్యమా? ఫ్లోరియానా విషయమున శాస్త్రజ్ఞులు రెండవదానికి మొగ్గినారు. సంకరములనుండియే తెగను తిరిగి కూర్చ సాహసించినారు.

ఇల్లు బాగుపడనిదే వంశము నిలువదన్నది కూడ ఈ దీవులు నేర్పిన పాఠమే. 1997 మొదలు 2006 వరకు ఇసబెలా ఉత్తర భాగమున, శాంతియాగో దీవిలోను సుమారు లక్షన్నర మేకలను తొలగించినారు. పింజాన్ దీవిలో నల్ల ఎలుకలు పిల్లలన్నింటిని తినివేయుచుండుటచే నూరేండ్లకు పైగా ఒక్క పిల్లయు స్వయముగా పెరిగి పెద్దది కాలేదు. 2012లో ఎలుకలను నిర్మూలించినారు. 2014 డిసెంబరులో అచ్చట అప్పుడే పుట్టిన పిల్లలు కనిపించినవి. ఏ దీవిలో ఏ తెగ ఉన్నదో రక్తపరీక్ష చెప్పును. అది అచ్చట బ్రతుకునట్లు చేయుట మాత్రము మనుష్యుల చేతిలోని పని.

ఈ విద్య మన దేశమునకు కూడ అక్కరకు వచ్చినది. మన నక్షత్ర తాబేళ్ళను పెంపుడు జంతువులుగా అమ్ముటకు దొంగచాటుగా విదేశములకు తరలించుచున్నారు. సింగపూరులో పట్టుబడిన అట్టి తాబేళ్ళు కొన్ని మన దేశమునకు తిరిగివచ్చినవి. వాటిని ఏ అడవిలో వదలవలెను? తాబేలు తన ఊరు చెప్పదు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ శాస్త్రజ్ఞులు వాటి డి.ఎన్.ఏ.ను పరిశీలించి, దక్షిణ భారతమునకు చెందిన తాబేళ్ళతో పోలికలు గుర్తించి 2006లో ప్రకటించినారు.

తాబేలును చూచి అది ఏ దీవిదో చెప్పగలనని లాసన్ అన్న మాటకు దాదాపు రెండు వందల ఏండ్లు కావచ్చినది. లాసన్ డిప్పను చూచి చెప్పినాడు. నేటివారు రక్తపు బొట్టును చూచి చెప్పుచున్నారు. ఆనాడు ఆ మాట విన్నవారు తాబేళ్ళను తిని డిప్పలను సముద్రములో వేసిరి. నేడు ఆ సముద్రములో వేసిన వాటి సంతతినే కొండలెక్కి వెదకి, వాటి పూర్వికుల దీవికి నడిపించు ప్రయత్నము సాగినది.